సూర్యుడు చల్లబడతాడట, సోలార్ పెట్టించుకోవచ్చా మాష్టారూ?

ప్రశ్న: మాష్టారూ, నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఉమ్మడి కుటుంబం, ఆరెకరాల చీనీ తోట. ఈ ఏడాది ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించాలని, తోటలో నీటికుంట తవ్వించాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. మా బావగారు వద్దంటున్నారు. 2030 తర్వాత సూర్యుడు 60 శాతం బలహీనపడతాడట, మంచుయుగం వస్తుందట. అప్పుడు ప్యానెళ్లు పనికిరావని, ఎండలే ఉండవు కాబట్టి కుంట కూడా దండగేనని వీడియోలు చూపిస్తున్నారు. పదో తరగతి చదివే మా అబ్బాయి "మరి భూమి వేడెక్కుతోందని మా పుస్తకంలో రాసింది అబద్ధమా?" అంటున్నాడు. బావగారు పెద్దవారు, ఆయన మాట కాదనలేం. డబ్బు పెట్టాలంటే భయం, ఊరుకుందామంటే మనసు ఒప్పుకోవడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏది నిజమో చెప్పండి.
— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

ప్యానెళ్లు పెట్టించండి. కుంట కూడా తవ్వించండి. సూర్యుడికి భయపడి ఈ రెండింటిలో ఏదీ ఆపాల్సిన పని లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. వీలైతే ఈ ఉత్తరం బావగారి పక్కన కూర్చుని చదవండి. ఆయన అడిగింది పిచ్చి ప్రశ్న కాదు. నూట యాభై ఏళ్ల కింద మీ సీమ కరువులోంచే ఆ ప్రశ్న పెద్దదై లేచింది. ఆ కథ కూడా చెబుతాను.

ముందు ఆ 60 శాతం సంగతి. 2015 జులైలో బ్రిటన్‌లోని వేల్స్‌లో ఖగోళ శాస్త్రజ్ఞుల సమావేశం జరిగింది. నార్తంబ్రియా విశ్వవిద్యాలయానికి చెందిన వాలెంటీనా జార్కోవా అక్కడ తన బృందం చేసిన లెక్క చెప్పారు. సూర్యుడి లోపల అయస్కాంత శక్తిని పుట్టించే రెండు అలలు ఉన్నాయని, 2030ల్లో అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని, దాంతో సూర్యుడి 'చురుకుదనం' 60 శాతం దాకా పడిపోతుందని ఆ లెక్క సారాంశం. చురుకుదనం అంటే అక్కడ అయస్కాంత అలజడి, సూర్యుడి మీది మచ్చలు. సూర్యుడి వెలుగు, వేడి కాదు. పత్రికలు ఆ తేడా వదిలేసి 'మినీ మంచుయుగం' అని పెద్దక్షరాలతో వేశాయి. మీ బావగారి ఫోన్‌కు చేరింది ఆ పెద్దక్షరాలే. పెళ్లింట్లో బాజాలు 60 శాతం తగ్గాయంటే భోజనాలు కూడా 60 శాతం తగ్గాయని కాదు కదమ్మా.

మచ్చలకూ వెలుగుకూ అసలు సంబంధమే లేదా అంటే, ఉంది. చాలా చిన్నది. సూర్యుడి మీద మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి, మళ్లీ తగ్గుతాయి. మచ్చలు నల్లగా కనిపిస్తాయి కాబట్టి అవి ఎక్కువైతే సూర్యుడు మసకబారాలి అనిపిస్తుంది. జరిగేది తలకిందులు. మచ్చలు పెరిగినప్పుడు వాటి చుట్టుపక్కల బాగా మెరిసే ప్రాంతాలు కూడా పెరుగుతాయి, వాటి మెరుపుదే పైచేయి. అందుకే మచ్చలు ఎక్కువున్న ఏడాది సూర్యుడు ఒక పిసరు ఎక్కువ వెలుగుతాడు. ఆ పిసరు ఎంతో 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తూనే ఉన్నాయి. మన వాతావరణం పైఅంచున సూర్యుడికి ఎదురుగా చదరపు మీటరుకు దాదాపు 1361 వాట్ల శక్తి పడుతుంది. మచ్చలు నిండుగా ఉన్నప్పటి శక్తికీ, అసలు లేనప్పటి శక్తికీ మధ్య తేడా ఒక్క వాటు అటూఇటూ. అంటే వెయ్యిలో ఒక వంతు.

ఇప్పుడు మీ ప్యానెళ్ల లెక్క వేద్దాం. మీ ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు ప్యానెల్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లకు 12 యూనిట్లు, ఏడాదికి 4,380. అందులో వెయ్యో వంతు నాలుగున్నర యూనిట్లు కూడా లేదు. పోనీ, శాస్త్రవేత్తలు ఊహించిన పెద్ద తగ్గుదలల్లో ఒకటైన 0.25 శాతమే తీసుకుందాం. ఏడాదికి 11 యూనిట్లు పోతాయి. మీ ఊరి ఎర్రదుమ్ము ప్యానెళ్ల మీద నెల రోజులు తుడవకుండా ఉంటే పోయేది దానికి ఎన్నో రెట్లు.

ఇంకో మాట చెబితే బావగారు ఆశ్చర్యపోతారేమో. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి గుండ్రం కాదు. జనవరి మొదటి వారంలో మనం సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జులై మొదటి వారంలో 15.21 కోట్ల కిలోమీటర్ల దూరంలో. దీనివల్ల భూమికి అందే సూర్యశక్తి ఏటా దాదాపు 7 శాతం హెచ్చుతగ్గులవుతుంది. సంక్రాంతి ముగ్గులప్పుడు మనం సూర్యుడికి దగ్గరగా ఉన్నామని ఎవరికైనా తెలిసిందా? ఆ 7 శాతం పక్కన ఈ 0.1 శాతం పెట్టి చూడమనండి. చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. జార్కోవా బృందమే 2019లో ప్రచురించిన వేరొక వ్యాసంలో సరిగ్గా ఈ సూర్యుడు–భూమి దూరం లెక్కలోనే తప్పు దొర్లిందని, దాన్ని అచ్చేసిన శాస్త్ర పత్రిక 2020 మార్చిలో వెనక్కి తీసుకుంది. దీనికి ఆమె ఒప్పుకోలేదు. అయినా తోటి శాస్త్రవేత్తలు చూపిన తప్పు చిన్నది కాదు.

మంచుయుగం మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే, 1645 నుంచి 1715 దాకా సూర్యుడి మీద మచ్చలు దాదాపు కనబడలేదు. అప్పటికి టెలిస్కోపులు వచ్చాయి, పారిస్‌లో కాసినీ లాంటి వాళ్లు చూస్తూనే ఉన్నారు. చూసేవాళ్లు లేక కాదు, మచ్చలే లేవు. ఆ కాలాన్ని 'మౌండర్ కనిష్ఠం' అంటారు. 1976లో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఎడ్డీ పాత రికార్డులన్నీ తవ్వి దాన్ని రుజువు చేశాడు. అదే కాలంలో యూరప్‌లో చలికాలాలు దారుణంగా ఉండేవి. 1683–84లో లండన్ థేమ్స్ నది గడ్డకట్టి, దాని మీద అంగళ్లు పెట్టి తిరునాళ్లు చేశారు. వీడియోల్లో చూపించే బొమ్మలు ఎక్కువగా అవే.

ఆ బొమ్మలు నిజమే. వాటికి చెప్పే కారణం మాత్రం సగమే. యూరప్‌లో ఆ చలి రోజులు మచ్చలు మాయం కావడానికి రెండు మూడు వందల ఏళ్ల ముందే మొదలయ్యాయి. 1257లో ఇండోనేషియాలో సమలాస్ అనే అగ్నిపర్వతం పేలింది, 1600లో పెరూలో ఇంకొకటి. అవి ఆకాశంలోకి ఎగజిమ్మిన గంధకపు పొగమంచు ఎండను అడ్డుకుంది. 1815లో తంబోరా పేలితే మరుసటి ఏడాది యూరప్‌లో, అమెరికాలో వేసవే రాలేదు. ఇక థేమ్స్ సంగతంటారా, పాత లండన్ వంతెనకు ఇరుకైన కమానులుండేవి, వాటివల్ల నీరు నెమ్మదించి తేలిగ్గా గడ్డకట్టేది. 1831లో ఆ వంతెన కూల్చేశాక నది వేగం పెరిగింది, మళ్లీ అక్కడ తిరునాళ్లు జరగలేదు. ఇంకో విచిత్రం. నది అంతలా గడ్డకట్టిన చలికాలం తర్వాత రెండేళ్లకే, సూర్యుడి మీద మచ్చలు అలాగే లేకుండా ఉండగానే, ఇంగ్లండ్ రికార్డుల్లో బాగా వెచ్చగా ఉన్న చలికాలాల్లో ఒకటి వచ్చింది.

ఇక మీ సీమ కథ. నాకు ఈ మొత్తం వ్యవహారంలో మనసుకు దగ్గరైనది ఇదే, కాబట్టి కాస్త ఓపిగ్గా వినండి.

1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం. మీ పెద్దల నోట 'ధాత కరువు' అనే మాట బావగారు విని ఉంటారు. అప్పటికి అనంతపురం విడి జిల్లా కాలేదు, బళ్లారి జిల్లాలో భాగం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది తిండి లేక, రోగాలతో చచ్చిపోయారు. గింజలు మాత్రం రైళ్లెక్కి, ఓడలెక్కి పోతూనే ఉన్నాయి. ఆ పాపంలో ప్రభుత్వపు వాటా పెద్దది. అయితే అప్పటి దొరల్లో కొందరు ఆకాశం వైపు కూడా చూశారు. గణాంకాల శాఖ అధిపతి విలియం హంటర్ మద్రాసు వానల లెక్కలు తీసి సూర్యుడి మచ్చల లెక్క పక్కన పెట్టాడు. మచ్చలు తగ్గిన ఏళ్లలో దక్షిణాదిన వానలు కూడా తగ్గుతున్నాయని 1877లో రాశాడు. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసిన పాగ్సన్ అయితే ధాన్యం ధరలకూ మచ్చలకూ లంకె వెతికాడు. సూర్యుణ్ని చూసి కరువు ఎప్పుడొస్తుందో ముందే చెప్పగలమనే ఆశ అలా పుట్టింది. ఆ ఆశే, మిగతా కారణాలతో కలిసి, 1899లో కొడైకెనాల్ కొండ మీద సౌర అబ్జర్వేటరీ రావడానికి దారితీసింది. 1904 నుంచి అక్కడ సూర్యుడి ఫొటోలు తీస్తూ ఉన్నారు. ప్రపంచంలో ఇంత పొడవైన సూర్యుడి ఆల్బమ్‌లు చాలా తక్కువ.

మరి వానకూ మచ్చకూ లంకె దొరికిందా? 1904లోనే గిల్బర్ట్ వాకర్ అనే గణిత పండితుడు మన వాతావరణ శాఖకు అధిపతిగా వచ్చాడు. ఆయన ఊహలతో తృప్తి పడే మనిషి కాదు. ఎందరో గుమస్తాలను కూర్చోబెట్టి, దేశదేశాల వానలు, గాలి ఒత్తిళ్లు, మచ్చల అంకెలు చేత్తో లెక్కలు కట్టించాడు. 1915లో ఫలితాలు ప్రచురించాడు. వానకూ మచ్చకూ మధ్య నమ్మి సాగు చేసుకోదగినంత గట్టి సంబంధం కనబడలేదు. కానీ ఆ వెతుకులాటలోనే ఇంకొకటి దొరికింది. పసిఫిక్ సముద్రం ఒకవైపు గాలి ఒత్తిడి పెరిగితే రెండోవైపు తగ్గుతోంది, త్రాసు పళ్లేల్లాగా. మన రుతుపవనాలు ఆ త్రాసుతో పాటు ఊగుతున్నాయి. ఈ రోజు టీవీలో 'ఎల్ నినో ఏడాది, వానలు తక్కువ' అని చెబుతున్నారంటే దానికి మూలం ఆ పని. ఎల్ నినో అంటే పసిఫిక్ నీళ్లు మామూలు కంటే వేడెక్కడం. 1877లో చాలా బలమైన ఎల్ నినో వచ్చిందని కూడా ఇప్పుడు మనకు తెలుసు. ధాత కరువుకు కారణం సూర్యుడి ముఖం మీద వెతికారు, దాని కారణాల్లో ఒకటి పసిఫిక్ నీళ్లలో ఉంది.

బావగారికి ఈ కథ చెప్పండి. ఆయన అనుమానపడ్డ చోటే పెద్దపెద్ద వాళ్లు కూడా అనుమానపడ్డారు. వాళ్లు కొలిచి చూశారు, మనసు మార్చుకున్నారు.

సూర్యుడు బలహీనపడితే ఏమవుతుందో చూడటానికి 2030 దాకా ఆగాల్సిన పని కూడా లేదమ్మా. మన కళ్లముందే కొంత జరిగింది. 1979లో మచ్చల సంఖ్య గరిష్ఠంగా 233కి చేరింది. తర్వాతి పదకొండేళ్ల చక్రంలో, 1989లో, 213. ఆ తర్వాత 2001లో 180. 2014లో 116 మాత్రమే, అది వందేళ్లలో బలహీనమైన చక్రం. 2008లో అయితే 266 రోజులు సూర్యుడి మీద ఒక్క మచ్చ కూడా లేదు. ఇలా నలభై ఏళ్ల పాటు సూర్యుడు మెట్టుమెట్టు దిగుతుంటే భూమి చల్లబడాలి కదా? ప్రతి పదేళ్లకు దాదాపు 0.2 డిగ్రీల చొప్పున వేడెక్కుతూనే పోయింది. 2015 నుంచి 2024 వరకు పదేళ్లూ రికార్డుల్లోకెల్లా వేడి ఏళ్లే. మీ అబ్బాయి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

బాబుకు ఇంకో గట్టి ఆధారం కూడా చెప్పండి, పరీక్షలో రాకపోయినా పనికొస్తుంది. సూర్యుడే భూమిని వేడెక్కిస్తుంటే వాతావరణం కింది పొరా, పై పొరా రెండూ వేడెక్కాలి. కొలిచి చూస్తే కింది పొర వేడెక్కుతోంది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. దుప్పటి కప్పుకుంటే లోపల వెచ్చగా ఉండి బయటకు వేడి తక్కువ వచ్చినట్టు అనుకోవచ్చు. ఆ దుప్పటి కార్బన్ డయాక్సైడ్. అంకెల్లో కావాలంటే, సూర్యుడి ఆ ఒక్క వాటు తేడా గుండ్రటి భూమి మొత్తానికి పరుచుకుని, వెనక్కి తిరిగిపోయేది పోగా, చదరపు మీటరుకు 0.18 వాట్లు మిగులుతుంది. అది కూడా పదకొండేళ్లలో పెరిగి తగ్గేదే. 1750 నుంచి మనుషులు గాలిలో కలిపిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే 2 వాట్లకు పైగా అదనపు వేడిని పట్టి ఉంచుతోంది, అది తగ్గడం లేదు.

సరే, మౌండర్ కాలం లాంటిది నిజంగానే వస్తే? రావచ్చు, అది అసాధ్యం అని ఎవరూ అనరు. వస్తే ఏమవుతుందో కూడా లెక్కలు వేశారు. 2010లో జర్మనీలోని పోట్స్‌డామ్ శాస్త్రవేత్తలు ఈ శతాబ్దం చివరికి తగ్గే వేడి మహా అయితే 0.3 డిగ్రీలన్నారు, బ్రిటన్ వాతావరణ శాఖ వాళ్ల అంచనా 0.1 దగ్గర ఉంది. అంటే ఇప్పటి వేగంతో మనం ఐదు నుంచి పదిహేనేళ్లలో ఎక్కే మెట్లను కాస్త ఆలస్యంగా ఎక్కుతాం. సూర్యుడు తేరుకోగానే ఆ మినహాయింపూ పోతుంది. ఉత్తర యూరప్‌లో, అమెరికా తూర్పు తీరంలో చలికాలాలు మాత్రం కొంచెం గట్టిగా ఉండొచ్చు. సూర్యుడి అతినీలలోహిత కిరణాల్లో మార్పు మొత్తం వెలుగులో మార్పు కంటే ఎక్కువ, అది అక్కడి పైగాలుల దారిని కదిలించగలదు. అనంతపురంలో రోహిణి కార్తె చల్లబడదు.

అసలు సూర్యుడి చురుకుదనం గురించి జోస్యాలు ఎంతవరకు నమ్మాలి? నా అభిప్రాయం అడిగితే, ఒక చక్రం దాటి చెప్పే ఏ జోస్యాన్నీ ఆస్తిపాస్తుల నిర్ణయాలకు వాడుకోకూడదు. 2006లో అమెరికాలో ఒక బృందం రాబోయే చక్రం చాలా బలంగా ఉంటుందని చెప్పింది, వచ్చింది వందేళ్లలో బలహీనమైనది. 2011లో కొందరు మచ్చలే మాయమవ్వొచ్చన్నారు. ఇప్పుడు నడుస్తున్న 25వ చక్రం 115 దగ్గర ఆగుతుందని అంతర్జాతీయ నిపుణుల సంఘం అంచనా, 2024 అక్టోబరుకు అది 161 దాకా వెళ్లింది. కోల్‌కతా శాస్త్రవేత్తలు ప్రాంతికా భౌమిక్, దిబ్యేందు నంది 2018లోనే మాయమవడం లాంటిదేమీ ఉండదని, గత చక్రమంత లేదా కాస్త బలంగా ఉంటుందని చెప్పారు. మాయం కాదన్న ఆ మాట నిజమైంది, బలం మాత్రం వాళ్లు అనుకున్న దానికంటే ఎక్కువే వచ్చింది. 2024 మేలో సూర్యుడి తుపాను తాకిడికి లడఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. నిద్రలోకి జారుకుంటున్న సూర్యుడి పని కాదది. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న వెళ్లిన ఆదిత్య-ఎల్1 ఇప్పుడు 15 లక్షల కిలోమీటర్ల దూరాన నిలబడి ఈ తుపానులను చూస్తూ ఉంది.

బావగారికి పందేలంటే సరదా ఉంటే ఇది కూడా చెప్పండి. 2005లో ఇద్దరు రష్యా సౌర శాస్త్రవేత్తలు, సూర్యుడు బలహీనపడి భూమి చల్లబడుతుందని జేమ్స్ అనన్ అనే వాతావరణ శాస్త్రవేత్తతో పదివేల డాలర్ల పందెం కట్టారు. 1998–2003 సగటు ఉష్ణోగ్రతను 2012–2017 సగటుతో పోల్చాలని షరతు. సూర్యుడు నిజంగానే బలహీనపడ్డాడు. పందెం మాత్రం అనన్ గెలిచాడు.

ఇంట్లో మాట్లాడే తీరు గురించి కూడా ఒక మాట. నలుగురి ముందూ బావగారిది తప్పని తేల్చే ప్రయత్నం చేయకండి. సీమలో వ్యవసాయం చేసిన మనిషికి డబ్బు పెట్టే ముందు భయం ఉండటం సహజం. ఎండిపోయిన బోర్లు ఎన్ని చూసి ఉంటాడో. ఆయన భయం సూర్యుడి గురించి కంటే అప్పు గురించేనేమో, మీ ఆయన్ను నెమ్మదిగా కనుక్కోమనండి. అదే అయితే మాట్లాడాల్సింది వడ్డీ గురించి, వాయిదాల గురించి. ప్యానెళ్ల లెక్క ఆయన చేతనే కాగితం మీద వేయించండి. ధాత కరువు గురించి తాతల దగ్గర విన్నది బాబుకు చెప్పమని ఆయన్నే అడగండి.

బాబుకు సూర్యుడి మీద ఆసక్తి కలిగితే చాలా మంచిది. బడిలో చిన్న టెలిస్కోపు ఉంటే సైన్సు టీచరు దగ్గరుండి, దాని వెనక తెల్ల కాగితం పట్టి సూర్యుడి బింబాన్ని దాని మీద పడేలా చేయించమనండి. మచ్చలు కనబడతాయి. టెలిస్కోపులోంచి గానీ ఉత్త కంటితో గానీ సూర్యుణ్ని చూడకూడదు, ఒక్క క్షణం కూడా. చూపు పోతుంది. కొడైకెనాల్ పాత ఫొటోలు కూడా ఇప్పుడు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి.

కుంట విషయంలో ఇంకా తేలిక. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. కాబట్టి వాన పడితే ఒక్కసారే కుమ్మరించి, ఆ తర్వాత వారాల తరబడి మొహం చాటేయడం పెరుగుతుంది. కుమ్మరించిన నాడు పట్టుకోవాలంటే కుంటే దారి. చీనీ చెట్టు కాపుకొచ్చాక ఏళ్ల తరబడి మీ చేతిలో ఉంటుంది, దానికి ఎండాకాలంలో రెండు తడులు దొరికినా ప్రాణం నిలుస్తుంది. వేసవి దాటకముందే తవ్వించండి, తొలకరి నీళ్లు వృథా పోకూడదు.

ప్యానెళ్లకు ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. దరఖాస్తుకు ముందు ఒక్క పని చేయండి, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉందో చూడండి. ఉమ్మడి ఇళ్లలో చాలాసార్లు అది ఇంకా మామగారి పేరు మీదే ఉండిపోతుంది. అలా ఉంటే ముందు కరెంటు ఆఫీసులో పేరు మార్పించుకోండి. ఆ కాగితాల మీద సంతకానికి బావగారు కూడా రావాల్సి ఉంటుందేమో, ఆ రోజు ఆయన్నే ముందుంచి తీసుకెళ్లండి.